బుగ్గన చింతపిక్క

గుంటూరు,
జనవరి 28

ఏమే నజ్మీ,

ఉత్తరం రాస్తే "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టాలని ఏడో క్లాసులో మాస్టారు నీకూ నాకూ ఒకే బెత్తంతో నేర్పాడు. నేను మొదలుపెట్టను. ఇక్కడ కుశలమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. వీపు మీద ఇంత కట్టుంది.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటంటావు. మీ అన్నయ్య స్పీకర్ పెడితే గానీ మాట్లాడనివ్వడు. పక్క మంచం మీద మీ అమ్మ. గుమ్మంలో ఎవరో ఒకరు. వాళ్ళందరి ముందూ ఒంటికి వెళ్ళే సంగతులు ఏం చెప్పను? మీ అన్నయ్యని చేసుకుని నీకు వదిననయ్యాను గానీ అంతకుముందు నీతో ఒకే బెంచీ మీద కూర్చున్నదాన్ని. నీకు కాక ఎవరికి చెప్పుకోను? ఇది చదివాక ఫోన్‌లో ఈ మాట ఎత్తావో, సింగరాయకొండ వచ్చి మరీ చెవి మెలేస్తా.

మొన్న పనిచేసే షెడ్డులో మిరపకాయల కుప్ప మీదే పడిపోయాను. ఎడమ పక్క నడుములో కత్తి దింపినట్టు నొప్పి. ముఖం కాయల్లో కూరుకుపోయింది. నొప్పికి ఏడుస్తున్నానో ఘాటుకి ఏడుస్తున్నానో చాలాసేపు ఎవరికీ అర్థం కాలేదట. ఆసుపత్రికి తీసుకెళ్తే కిడ్నీలో రేగిపండంత రాయి ఉందన్నారు. వీపులోంచి కన్నం పెట్టి, పగలగొట్టి తీసేశారు. రాగసుధ అని డాక్టరమ్మ, చిన్నదే, మాట మాత్రం చురుకు. లోపల ఒక గొట్టం పెట్టిందట, డీజే స్టెంట్ అంటారట. మీ అన్నయ్య విని "డీజే ఏంటమ్మా, పెళ్ళివాళ్ళు పెట్టేదా?" అన్నాడు. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. నాకు కుట్లు లాగుతున్నా నవ్వొచ్చింది.

మూడు వారాల తర్వాత వస్తే ఆ గొట్టం తీసేస్తుంది. అప్పటిదాకా మాటిమాటికీ ఒంటికి వచ్చినట్టుంటుందట, మంట ఉంటుందట, కాస్త రక్తం కూడా పడొచ్చట. ఇవి భరించొచ్చు. "రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగాలి, గొట్టం ఉన్నప్పుడైతే ఇంకా తప్పనిసరి" అంది చూడు, అక్కడ వచ్చింది నాకు అసలు నవ్వు.

మా కోల్డ్ స్టోరేజీ షెడ్డు నీకు తెలీదు కదా. నలభై మంది ఆడవాళ్ళం పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చుని మిరపకాయల ముచ్చికలు తీసి, తెల్లబడిన తాలుకాయలు ఏరతాం. ఆడవాళ్ళకి దొడ్డి లేదు. ఆఫీసు వెనక ఒకటుంది, స్టాఫ్‌కి మాత్రమే. దాని తాళంచెవి మేనేజర్ కరుణాకర్ జేబులో ఉంటుంది. ఇదివరకు గోడ అవతల తుమ్మచెట్లుండేవి, చాటుకి వెళ్ళొచ్చేవాళ్ళం. వాటిని కొట్టేసి వెంచర్ వేశారు. ఇప్పుడక్కడ రంగురంగుల జెండాలు, ఒక వాచ్‌మేనూ.

అందుకని మా ముఠా మేస్త్రి వెంకటరావమ్మ పొద్దున్నే రొంటిన సంచి విప్పి మనిషికో చింతపిక్క ఇస్తుంది, వేయించింది. బుగ్గన పెట్టుకుంటే నోరు ఊరుతూ ఉంటుంది, దాహం తెలీదు. ఇంట్లో బయల్దేరే ముందు మానేసిన నీళ్ళు మళ్ళీ ఇంటికొచ్చాకే. అలాంటి చోట మూడు లీటర్లట!

సరేలే. రాయి పోయింది, ఇంక నాకేం? వచ్చే వారం పనిలోకి వెళ్తున్నా. కొత్త కాయ దిగే వేళ ఇంట్లో కూర్చుంటే నా చోట ఇంకొకత్తి కూర్చుంటుంది.

నీ వదిన, మొండిది,
జుబేదా

---

సింగరాయకొండ,
ఫిబ్రవరి 6

మొండి వదినగారికి నీ ఆడపడుచు సలాం,

"రాయి పోయింది, ఇంక నాకేం" అన్న చోటికి వచ్చేసరికి ఉత్తరం నలిపి మూలకి విసిరేశా. మళ్ళీ తీసి సాపు చేసుకుని చదివా. నీకేమా? వీపులో కన్నం, కడుపులో గొట్టం, ఇంక ఏం కావాలే నీకు?

విను. ఆ గొట్టం తీసేదాకా నువ్వు ఇల్లు కదలడానికి వీల్లేదు. ఈసారి రోజాలు కూడా ఉండొద్దు. ఒంట్లో బాగాలేనివాళ్ళకి అల్లానే వద్దన్నాడు. అమ్మ ఏమైనా అంటే నేను చెప్పానని చెప్పు. మంచం పక్కన బిందె పెట్టుకుని తాగు. తాగినప్పుడల్లా నా పేరు తలుచుకో, తిట్టుకున్నా పర్లేదు.

ఇక్కడ మా సంగతులంటావా, మామూలే. హైవే పక్కన టెంట్ కింద పరుపులూ దిళ్ళూ పేర్చుకుని నేను. ఇషాక్ ట్రాలీ ఆటోలో ఊళ్ళు తిరుగుతున్నాడు, మొగుడి ముఖం చూసేది రాత్రికే. కందుకూరు వైపు బాగానే పోతున్నాయిట. కార్లలో వచ్చేవాళ్ళు దిగుతారు, పరుపు నొక్కి చూస్తారు, రేటు అడిగి వెళ్ళిపోతారు. ఎత్తి దించీ ఎత్తి దించీ నాకు నడుం పట్టేసింది. అదేం లేదులే, బామ్ రాసుకుంటున్నా.

చింతపిక్కల మాట చదివితే చిన్నప్పటివన్నీ గుర్తొచ్చాయి. ఆ పిక్కని ఊసెయ్యి. పెద్దదానివయ్యావు.

నజ్మీన్

---

గుంటూరు,
మార్చి 14

ప్రియమైన నజ్మీన్‌కు జుబేదా వ్రాయునది,

ఉభయకుశలోపరి. మేమందరం క్షేమం. మీరందరూ క్షేమమని తలుస్తాను. నా ఆరోగ్యం బాగుంది. డాక్టరుగారు చెప్పిన ప్రకారం గొట్టం తీయించుకున్నాను. నీళ్ళు బాగా తాగుతున్నాను. పనిలోకి వెళ్తున్నాను. ఈ ఏడు కాయ బాగా వచ్చింది. అత్తమ్మగారు నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు. ఇషాక్ అన్నయ్యగారిని అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
జుబేదా

---

సింగరాయకొండ,
మార్చి 20

ఏం దాస్తున్నావే?

నాలుగు ముక్కలు రాశావు, ఒక్క తిట్టు లేదు. "అత్తమ్మగారు" అట! మా అమ్మని నువ్వు ఎప్పుడైనా గారు అన్నావా? "ఇషాక్ అన్నయ్యగారు" చదివి ఆయన అటూ ఇటూ చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని. నువ్వు మర్యాదగా రాశావంటే కొంప మునిగినట్టే. పెళ్ళికి ముందు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా ఇలాగే రాశావు.

పండగపూట నీకు ఫోన్ చేస్తే అన్నయ్య "పడుకుంది" అన్నాడు. పండగపూట పడుకోవడం ఏంటి? చేసిన సేమ్యా ఎవరు తిన్నారు?

నాకు నిజం కావాలి.

నజ్మీ

---

గుంటూరు, ఆసుపత్రి మంచం మీంచి,
ఏప్రిల్ 6

నజ్మీ,

పట్టేశావు. నీకు మర్యాద పనికిరాదని నాకు ముందే తెలిసుండాల్సింది.

ఆ ఉత్తరంలో కాయ బాగా వచ్చిందన్న మాటొక్కటే నిజం. గొట్టం తీయించుకోలేదు. రమ్మన్న వారమే కొత్త కాయ లారీలు వరసగా దిగాయి. పైగా కుట్ల నొప్పి తగ్గింది. తగ్గాక ఇంక తొందరేముందిలే, వచ్చే వారం వెళ్దాం, పై వారం వెళ్దాం అనుకున్నా. అలా అలా నెల దాటిపోయింది.

ఆ గొట్టంతో పని చేయడమంటే ఏంటో నీకు చెప్పాలి, ఇంకెవరికీ చెప్పలేను కాబట్టి. అరగంటకోసారి ఒంటికి వచ్చినట్టే ఉంటుంది. వచ్చినా వెళ్ళే చోటు లేదు. అసలు తాగకపోతే రాదు కదా అని పొద్దుటి టీ కూడా మానేశా. ఒక పిక్క చాలక రెండు పెట్టుకున్నా, ఆ బుగ్గనొకటి, ఈ బుగ్గనొకటి. పక్కనున్నది "కోతిలా ఉన్నావే" అంది. నేనూ నవ్వాను. ఎర్రగా పడుతుంటే మిరపకాయల వేడనుకున్నా. ఎంత తెలివో చూడు నాకు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం చలి మొదలైంది. షెడ్డు రేకులు కాలిపోతున్నాయి, నేను గోతాలు కప్పుకుని వణుకుతున్నా. మీ అన్నయ్య ఆటో తెచ్చాడు. దారి గుర్తులేదు. ఆసుపత్రిలో రెండు చేతులకీ సూదులు. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. మీ అన్నయ్య గోడకి ఆనుకుని ఏడవడం మాత్రం చూశాను. ఆయన ఏడుపు చూడటం అదే మొదలు.

కళ్ళు తెరిచాక ఇంకో గోల. ఆయన వరండాలో రాగసుధ డాక్టరమ్మ మీద అరుస్తున్నాడు. "ఆపరేషన్ చెడగొట్టారు, లోపల గొట్టం మరిచిపోయి కుట్టేశారు, మనిషిని చంపేస్తున్నారు" అని. పదిమంది పోగయ్యారు, ఎవడో ఫోన్ తీసి వీడియో కూడా మొదలుపెట్టాడు. ఆ పిల్ల ముఖం పాలిపోయి నిలబడింది. నాకు ఒళ్ళు మండింది. "ఆగవయ్యా బాబూ! వాళ్ళు మరిచిపోలేదు. రమ్మన్నారు, నేనే రాలేదు" అని మంచం మీంచే కేకేశా. నా గొంతు నీకు తెలుసుగా, సెలైన్ ఎక్కుతున్నా తగ్గలేదు. ఫోన్ వాడు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుంది. "నీళ్ళు తాగావా?" అంది. లేదన్నా. "ఎందుకు?" అంది. చెప్పేశా. తుమ్మచెట్లూ, వెంచరూ, తాళమూ, చింతపిక్కా అన్నీ. వార్డంతా విన్నారు, విననీ. ఆవిడ స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. తర్వాత "మీ షెడ్డులో ఎంతమంది ఉన్నారు?" అంది. "నలభై మంది" అన్నా. "అయితే నాకు ఇంకా ముప్ఫైతొమ్మిది మంది వస్తారన్నమాట" అంది. కోపంగానే అంది, కానీ ఆ కోపం నా మీద కాదు.

కుళాయి గొట్టానికి సున్నం పట్టినట్టు నా లోపలి గొట్టానికి రాయి పట్టిందట. మామూలుగా లాగితే రాదట, మళ్ళీ మత్తిచ్చి పగలగొట్టి తీయాలట. ఇంకో వారం ఆగితే కిడ్నీయే తీసెయ్యాల్సి వచ్చేదట. ఇప్పటికైతే ఉంటుంది, కానీ ఇంకోసారి ఇలా అయితే ఉండదని ముఖం మీదే చెప్పింది.

భయమేసింది నజ్మీ. దుప్పటి కప్పుకుని చచ్చేంత భయపడ్డా. ఆ తర్వాత నువ్వు రాసింది గుర్తొచ్చింది, ఒంట్లో బాగాలేనివాళ్ళకి రోజా వద్దని అల్లానే అన్నాడని. నేను రోజా ఉండలేదు కూడా. మరి నోరు ఎవరికోసం కట్టుకున్నట్టు? కరుణాకర్ కోసమా? అల్లా కోసం ఉంటే సాయంత్రానికి ఖర్జూరం పెడతాడు. వీడు నా కిడ్నీ అడుగుతున్నాడు. అలా అనుకున్నాక భయం పోయి కోపం వచ్చింది. ఆ కోపంతోనే రాస్తున్నా, అక్షరాలు అందుకే అలా ఉన్నాయి.

జుబ్బి

---

సింగరాయకొండ,
ఏప్రిల్ 12

జుబ్బీ,

నీ ఉత్తరం చదివి టెంట్‌లో పరుపుల వెనక్కి వెళ్ళి ఏడ్చాను. దిండు కొనడానికి వచ్చినాయన కంగారుపడి బేరం ఆడకుండానే కొనుక్కుపోయాడు.

నాకు నీ మీద ఎంత కోపముందో చెప్పలేను. అబద్ధం రాస్తావా నాకు? చచ్చిపోతే ఏం చేసేదాన్ని? అన్నయ్యకి ఇంకో పెళ్ళి చేసి, దానికి వదినా వదినా అంటూ ఉత్తరాలు రాయమంటావా?

మన తప్పు కూడా కాదే ఇది, మనకి చిన్నప్పుడే నేర్పేశారు. పత్తి తీతకి వెళ్తుంటే అమ్మ మనిద్దరి చేతుల్లో పిక్కలు పెట్టేది, గుర్తుందా? "ఆడదానికి దాహం ఆపుకోవడం రావాలి" అనేది. బళ్ళోనూ అంతే కదా, మగపిల్లలు గోడెక్కి పోసేవాళ్ళు, మనం వామనగుంటల కోసం దాచుకున్న పిక్కలే బుగ్గన వేసుకుని లెక్కలు చేసేవాళ్ళం. నువ్వు మింగేశావు ఒకసారి. కడుపులో చింతచెట్టు మొలుస్తుందని నేనంటే రెండు రోజులు అన్నం తినలేదు.

ఇప్పుడు నా మాట విను. ఆ పని మానెయ్. రెండో ఆపరేషన్ అయ్యాక ఇక్కడికి వచ్చెయ్. దిండు గలీబులు కుడుదువుగాని. టెంట్‌లో ఫ్యానుంది, ఇద్దరం కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవచ్చు. నాకూ సాయంగా ఉంటుంది, ఈ నడుం నొప్పితో ఒక్కదాన్నీ ఎత్తలేకపోతున్నా. అన్నయ్యకి నేను చెప్తాను.

మిర్చి షెడ్డూ వద్దు, ఆ కరుణాకర్ ముఖమూ వద్దు. నువ్వుంటే చాలు నాకు.

నజ్మీ

---

గుంటూరు,
మే 3

నజ్మీ,

రెండో ఆపరేషన్ అయిపోయింది. గొట్టం బయటికొచ్చింది. చెత్తలో వేయబోతుంటే "అది నాది, నాకివ్వండి" అన్నా. డాక్టరమ్మ వింతగా చూసి, కడిగి సీసాలో వేసి ఇచ్చింది. నీలం గొట్టమట అది. ఇప్పుడు తెల్లగా, గరుగ్గా, చివర సున్నపుముద్దలా ఉంది. కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నా.

నీ దగ్గరికి రానే రాను. కోప్పడకు, విను. మీ అన్నయ్యా అదే అన్నాడు, "నేను పరుపులు కుడతా, నువ్వు ఇంట్లో ఉండు" అని. ఎందుకుండాలి? కాయ ముట్టుకుంటే తేజ రకమో కాదో చెప్పేస్తా, నా చేతికి ఆ పని వచ్చు. నేను తప్పు చేసినట్టు నేనెందుకు తప్పుకోవాలి? నేను తప్పుకుంటే నా చోట కూర్చునేదాని చేతిలో వెంకటరావమ్మ పిక్క పెడుతుంది. అది కూడా ఎవరికో ఒకరికి వదినే కదా.

పనిలోకి వెళ్ళే రోజు పొద్దున్నే లేచి చూస్తే గుమ్మం దగ్గర పెద్ద నీళ్ళ క్యాను, నిండా. మీ అమ్మ నింపింది. నేను చూస్తే ముఖం తిప్పుకుని "పట్టుకుపో, ఎండగా ఉంది" అంది. అంతే. మీ అన్నయ్య గొణుక్కుంటూనే బండి తీశాడు. క్యాను ముందు పెట్టుకుని, నేను వెనక.

షెడ్డులో కూర్చోగానే వెంకటరావమ్మ పిక్క చాపింది. వద్దన్నా. గ్లాసుతో నీళ్ళు ముంచుకుని అందరి ముందూ గటగటా తాగా. ఆవిడకి మండింది. "ఏమే, నీ ఒక్కదానికేనా ఒంటికి వచ్చేది? మేమంతా ఆపుకోవట్లా?" అంది. నేను కొంగు ముడి విప్పి సీసా తీసి ఆవిడ చేతిలో పెట్టా. "నేనూ ఆపుకున్నా పిన్నీ. ఇదిగో, ఇది అయింది" అన్నా.

సీసా చేతులు మారింది. ఎవరి చేతికి వెళ్తే వాళ్ళు కాయలు ఏరడం ఆపేశారు. తర్వాత ఒక్కొక్కత్తీ నోరు విప్పింది. నాకు మంట అని ఒకతి. నాకు రెండేళ్ళనుంచి నడుం నొప్పి అని ఒకతి. నిండు నెలల రెబ్కా, "నేను పొద్దుటినుంచి బిగబట్టుకునే ఉన్నా అక్కా" అని ఏడ్చేసింది. వెంకటరావమ్మ సీసాని ఎండకి ఎత్తి చాలాసేపు చూసింది. చూసి, తన బుగ్గన ఉన్న పిక్కని చేతిలోకి ఊసుకుని పక్కన పెట్టింది. "ఆ గ్లాసు ఇటివ్వు" అంది.

అంతే, నలభై మందీ తాగారు. క్యాను అయిపోతే ట్యాంకు దగ్గరికెళ్ళి మళ్ళీ నింపుకొచ్చాం. అలవాటు లేని నీళ్ళు కదా, అరగంట తిరగలేదు. కాయ చేతులు శుభ్రంగా కడుక్కుని (ఆ చేత్తో వెళ్తే ఏమవుతుందో మాకు తెలుసు!) అందరం లేచి ఆఫీసు వెనక ఆ తలుపు ముందు వరసలో నిలబడ్డాం. రెబ్కాని అందరికంటే ముందు పెట్టాం. ఆ రోజే చెన్నై పోర్టుకి వెళ్ళాల్సిన లారీ గేటు దగ్గర ఉంది. సగం కాయ ఇంకా కుప్పల్లోనే ఉంది.

కరుణాకర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంటిది, స్ట్రైకా?" అన్నాడు. "స్ట్రైక్ ఏంటి బాబూ, ఒంటికొచ్చింది" అంది వెంకటరావమ్మ. "ఇది స్టాఫ్‌కి" అన్నాడు. "మరి మేమేంటి, చుట్టాలమా?" అన్నా నేను. "గోడవతలికి వెళ్ళండి, ఎప్పుడూ వెళ్ళేదేగా" అన్నాడు. "అక్కడ ప్లాట్లు వేశారు, ఒకటి కొనిపెట్టు, వెళ్తాం" అన్నా. లారీ డ్రైవర్ ఫక్కున నవ్వాడు. కరుణాకర్‌కి తిక్క రేగింది. "రేపట్నుంచి ఇంకో ముఠాని తెచ్చుకుంటా, మీరు రానక్కర్లేదు" అన్నాడు.

అప్పుడు చూడాల్సింది వెంకటరావమ్మని. ముప్ఫై ఏళ్ళ బట్టి అతనికి ఎదురు చెప్పని మనిషి. నడుం మీద చెయ్యి పెట్టుకుని, "తెచ్చుకో నాయనా. వాళ్ళకీ వస్తుంది" అంది.

కరుణాకర్ పక్కకెళ్ళి ఓనరుకి ఫోన్ కొట్టాడు. అటునుంచి ఏమన్నారో గానీ, లారీ వైపు చూసుకుంటూ జేబులోంచి తాళంచెవి తీశాడు. రెబ్కా లోపలికి వెళ్ళింది. బయట వరసలో ముప్ఫైతొమ్మిది మందిమి. నీళ్ళ చప్పుడు వినపడింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదే నజ్మీ.

అందరి పనీ అయ్యాక మళ్ళీ తాళం వేయబోయాడు. తాళంకప్ప నేను తీసేసుకున్నా. "రేపు మళ్ళీ వస్తుంది కదా" అన్నా. ఇప్పుడది మా ఇంట్లో ఉంది, మీ అమ్మ కారం డబ్బాలున్న పెట్టెకి వేసుకుంది. కాయంతా సాయంత్రానికి గ్రేడింగ్ చేసి లారీ నింపే పంపాం. పనిలో వంక పెట్టనివ్వం.

ఇప్పుడు నీ సంగతికొద్దాం. ఇన్నాళ్ళూ నా గొడవలో పడి గమనించలేదు. ఆసుపత్రిలో పనేం లేక నీ ఉత్తరాలు మళ్ళీ మళ్ళీ చదివా. ఫిబ్రవరిలో నడుం పట్టేసిందన్నావు. ఏప్రిల్‌లోనూ అదే నొప్పి. పొద్దుటినుంచి హైవే పక్కన టెంట్‌లో ఒక్కదానివే కూర్చుంటావు. నా నీళ్ళ లెక్క అంత గట్టిగా అడిగావు గానీ, నువ్వు ఒంటికి ఎక్కడికి వెళ్తున్నావే? నడుం నొప్పి ఏ పక్కన?

జుబ్బి

---

సింగరాయకొండ,
మే 14

కుడి పక్కన.

నీ ఉత్తరం వచ్చి వారమైంది. జవాబు రాయడానికి చెయ్యి రాలేదు. నీకు అంత నీతులు చెప్పి ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని రాయను?

ఒంగోల్లో స్కానింగ్ తీయించుకున్నా, రంజాన్ నెలకి ముందే. రెండు రాళ్ళున్నాయిట. ఒకటి పెద్దదట. ఆపరేషన్ అన్నారు, నీకు పెట్టినట్టే గొట్టం కూడా పెడతామన్నారు. రమ్మన్న తారీకు దాటిపోయింది. ఇషాక్‌కి తెలీదు. నీకు చూస్తే అలా అయింది. నీకు అయిందంతా చదివి, నాకూ అలాగే అవుతుందని స్కానింగ్ కాగితాలు పరుపుల కింద దోపేశా. నువ్వు ధైర్యవంతురాలివి జుబ్బీ, నేను కాదు. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేను.

రోడ్డుకి అవతల పెట్రోలు బంకులో బాత్రూం ఉంది. ఒకసారి వెళ్తే అక్కడి కుర్రాళ్ళు "పెట్రోలు కొట్టించుకున్నావా ఆంటీ?" అని నవ్వారు. మళ్ళీ వెళ్ళలేదు. ఇషాక్ వచ్చేదాకా ఉగ్గబట్టుకుంటా. నువ్వు ఇక్కడికొచ్చి గలీబులు కుడుదువుగాని అని రాశాను చూడు, అప్పుడు కూడా ఆలోచించలేదు, నిన్ను ఎక్కడికి పంపేదాన్నో.

ఇది రాస్తున్నప్పుడు కూడా నా బుగ్గన ఉంది. నీతో అబద్ధం ఆడలేను ఇంక.

నజ్మీ

---

గుంటూరు,
మే 18

ఒసేయ్ నజ్మీ,

నిన్ను ఏం చేసినా పాపం లేదు! రంజాన్ ముందునుంచి తెలుసా? నేను మర్యాదగా రాస్తే పట్టేశావే, నువ్వు "బామ్ రాసుకుంటున్నా" అని నాకు బామ్ రాస్తావా? ఉత్తరం చదివి అరిచిన అరుపుకి మీ అన్నయ్య చేతిలో సూది విరిగింది. ఆయనకి చెప్పేశా. మీ అమ్మకీ చెప్పేశా. స్పీకర్ ఆన్ చేసి ఇషాక్‌కి కూడా చెప్పేశా, ఇప్పటికి నీకు అక్షింతలు పడే ఉంటాయి. సిగ్గుతో దాచుకునే రోజులు అయిపోయాయి.

భయం వద్దని చెప్పను. నేనూ దుప్పట్లో పడి వణికినదాన్నే. కానీ నాకు అలా అయింది ఆపరేషన్ వల్ల కాదు, గొట్టం వల్లా కాదు. రమ్మన్న రోజున వెళ్ళకపోవడం వల్ల, నోరు ఎండబెట్టుకోవడం వల్ల. ఆ రెండూ నిన్ను చేయనివ్వను. రాళ్ళు తీసే రోజు నేను పక్కనుంటా, గొట్టం తీసే రోజూ ఉంటా. మధ్యలో నీళ్ళు తాగకపోతే ముక్కు మూసి పోస్తా. వెంకటరావమ్మకి చెప్పాను. "వెళ్ళిరా, నీ చోట ఎవరినీ కూర్చోనివ్వను" అంది.

శనివారం రైలెక్కుతున్నా. క్యాను తెస్తున్నా. దిగగానే నీతో కలిసి ఆ బంకుకి వస్తా. పెట్రోలు కొట్టించుకున్నావా అని నన్నడగనీ ఆ కుర్రాళ్ళని. వాళ్ళకి సీసా చూపిస్తా. అప్పటికీ తలుపు తీయకపోతే, బంకు ముందే కూర్చుని వామనగుంటలు ఆడదాం. మీ అమ్మ పాత గుంటల పీట అటక మీంచి దించి తుడిచి ఇచ్చింది. పిక్కలు మాత్రం మా షెడ్డువే. ఆ రోజు అందరూ ఊసి పారేసినవి వెంకటరావమ్మ దాచి ఉంచింది. ముఖం అలా పెట్టకు, వేణ్ణీళ్ళతో కడిగి మూడెండలు ఎండబెట్టా. నీకు నచ్చినన్ని తీసుకో. నేనెప్పుడూ ఓడిపోయేదాన్నేగా.

ఇప్పుడు ఈ ఉత్తరం కింద పెట్టు. లేచి చెంబు నిండా నీళ్ళు తెచ్చుకో. అంతకంటే ముందు, నీ బుగ్గన ఉన్నదాన్ని ఊసెయ్యి.

జుబ్బి